తొమ్మిది కాయిళ్ళ లెక్క

జూన్ 11, 2023, ఆదివారం
జంగ్లీఘాట్, పోర్ట్ బ్లెయిర్

పొద్దున్నుంచీ ఒకటే వాన. కరెంటు పోతూ వస్తూ ఉంది. ఈ దీవుల్లో కరెంటంటే చాలావరకు డీజిలే, ఆ డీజిలూ ఓడెక్కి రావాల్సిందే. ఉత్తరాన డిగ్లీపూర్ దగ్గర కల్పాంగ్ జలవిద్యుత్ కేంద్రం ఉంది కానీ దాని సామర్థ్యం మొత్తం 5.25 మెగావాట్లే. నైరుతి గాలి మా మేడ మీంచి ఊరికే పోతుంటే చేతులు కట్టుకు కూర్చోబుద్ధి కాదు.

గాలిమర జనరేటరుకి హ్యూ పిగాట్ పద్ధతే ఎంచుకున్నాను. స్కాట్లండ్‌లో స్కొరేగ్ అనే మారుమూల చోట ఉంటూ ఆయన దీన్ని లోకానికంతా నేర్పాడు. రెండు ఇనుప పళ్ళేలు, ఒక్కోదానికి పన్నెండు నియోడిమియం అయస్కాంతాలు. నడుమ రెసిన్‌లో పోతపోసిన తొమ్మిది కాయిళ్ళు కదలకుండా ఉంటాయి. కాయిళ్ళలో ఇనుము ఉండదు కాబట్టి అయస్కాంతం ఎక్కడా పట్టెయ్యదు, చిన్న గాలికే పళ్ళెం కదులుతుంది.

జూన్ 18

రీవైండింగ్ షాపు బాబాయి దగ్గర 19 గేజీ ఎనామిల్ తీగ తూయించుకొచ్చాను. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. ఫ్యాన్లు, పంపు మోటార్లు ఆయన చేతిలో మళ్ళీ ప్రాణం పోసుకుంటాయి. 22 గేజీ వాడి చుట్లు పెంచితే ఎలా ఉంటుందని అడిగాను.

"ఓల్టు పెరుగుతాది బాబూ. గాలి ముదిరితే కాయిలే ఏడెక్కిపోతాది."

ఇంటికొచ్చి లెక్క వేశాను. 22 గేజీ తీగ మందం 0.711 మిల్లీమీటర్లు, 19 గేజీది 1.016. అడ్డుకోత సగమవుతుంది, అదే చోటులో చుట్లు రెట్టింపు పడతాయి. వోల్టేజి రెట్టింపు, నిరోధం నాలుగింతలు. 12 వోల్టుల బ్యాటరీ తక్కువ గాలికే చార్జింగ్ అందుకుంటుంది, పెద్ద గాలిలో మాత్రం శక్తిలో చాలావరకు కాయిల్లోనే వేడిగా పోతుంది. ఏ వేగానికి పని మొదలవ్వాలో చుట్లు నిర్ణయిస్తాయి. గాలిలో లేని శక్తిని మాత్రం తేలేవు. వానాకాలపు గాలికి 19 గేజీయే ఉంచుతాను.

జులై 2

పక్కింటి ఇంటర్ కుర్రాడు ఫోన్‌లో వీడియో పట్టుకొచ్చాడు. రెండు తీగలు జంటగా చుట్టిన బల్లపరుపు కాయిల్. దేనికీ తగిలించకుండానే బల్బు వెలుగుతోంది. "మావయ్యా, టెస్లా కాయిలంట, మనమూ చుడదామా?"

ఇలాంటి కాయిల్‌కి టెస్లా 1894లో పేటెంటు తీసుకున్న మాట నిజమే. పక్కపక్క చుట్ల మధ్య వోల్టేజి తేడా పెంచి, కాయిల్‌కే కెపాసిటెన్స్ వచ్చేలా చేయడం ఆయన ఉద్దేశం. ఖరీదైన కండెన్సర్లు విడిగా కొనక్కర్లేకుండా. ఊరికే కరెంటు వస్తుందని ఆ పేటెంటులో లేదు.

మాటలతో ఎందుకని, చుట్టిన కాయిళ్ళను తాత్కాలికంగా మూడు ఫేజులుగా కలిపి పళ్ళెం తిప్పమన్నాను. కొసలు విడిగా ఉన్నప్పుడు వేలితో తోస్తే చాలు, చాలాసేపు తిరిగింది. ఒక ఫేజు కొసలు కలిపాను, కుదుపులు కుదుపులుగా ఆగింది. మూడు ఫేజులూ కలిపేసరికి పాకం ముదిరిన బెల్లంలో గరిటె తిప్పినట్టయింది వాడికి. 1834లో లెంజ్ చెప్పింది ఇదే: పుట్టిన కరెంటు, తనను పుట్టించిన కదలికకే అడ్డుపడుతుంది. కల్పాంగ్‌లో ఆ అడ్డును నీళ్ళు తోస్తాయి, ఇక్కడ వాడి చెయ్యి తోసింది. వాడు వదలకుండా మళ్ళీ మళ్ళీ తిప్పి చూశాడు. ఇంత ఆసక్తి ఉన్న పిల్లల్ని ఆ వీడియోలు ఏళ్ళ తరబడి లేని దాని వెంట తిప్పుతున్నాయని నాకు నిజంగా బాధ.

జులై 9

కాయిళ్ళకు పక్కా కనెక్షన్లు ఆ కుర్రాడే వేశాడు. 1, 4, 7 ఒక ఫేజు. 2, 5, 8 ఇంకోటి. 3, 6, 9 మూడోది. మొదటి కాయిల్ ఉత్తర ధ్రువం కింద ఉంటే నాలుగోదీ, ఏడోదీ కూడా సరిగ్గా అలాగే ఉంటాయి, అందుకే వాటి వోల్టేజీలు కలుస్తాయి. మూడు ఫేజుల్లోనూ మీటరు ఇంచుమించు ఒకే అంకె చూపింది.

ఉప్పుగాలికి నియోడిమియం మీది నికెల్ పూత లేస్తే లోపల తుప్పు పట్టి పొడిపొడి అవుతుంది. అయస్కాంతాల అంచుల దాకా రెసిన్ ఎక్కాలి. ముందు కాయిళ్ళను బల్బు వేడికి ఆరబెట్టాలి, ఈ తేమలో తడి లోపలే ఉండిపోతుంది. వాన తెరిపిస్తే వచ్చే ఆదివారం పోత.