స్క్రాచ్ పిల్లి, ముగ్గు, మన 'ఉండాది' తెలుగు

ఈ వేసవి సెలవుల్లో కోయంబత్తూరు పీళమేడులోనూ, మదురైలోనూ ఆదివారం పొద్దున పూట మేము నడిపిన కంప్యూటర్ తరగతుల గురించి రాయమని చాలామంది అడిగారు. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. మేము చేసిన ఒక తప్పు కూడా ఇందులో ఉంది.

ముందు ఉన్నమాట చెప్పేస్తాం. మా అసలు ఉద్దేశం కంప్యూటర్ కాదు, తెలుగు. మన ఇళ్ళలో పిల్లలకి తెలుగు చెవికి తెలుసు, కంటికి తెలియదు. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బళ్ళలో ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి తమిళం తప్పనిసరి అయింది. ఇంగ్లీషు ఎలాగూ ఉంది. తెలుగు మాత్రం అవ్వతో మాట్లాడే వంటింటి భాషగా మిగిలింది. పోయినేడు 'తెలుగు క్లాసు' అని పిలిస్తే నలుగురు వచ్చారు. ఈసారి 'కంప్యూటర్ క్లాసు, చెప్పేది తెలుగులో' అన్నాం. రెండు ఊళ్ళలో కలిపి ఇరవై ముగ్గురు వచ్చారు. అందరూ మూడు నుంచి ఐదో తరగతి వాళ్ళే.

మేము నేర్పింది స్క్రాచ్. అమెరికాలో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెజ్నిక్ బృందం తయారుచేసి 2007లో విడుదల చేసింది. ఉచితంగా దొరుకుతుంది. ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. తెర మీద రంగురంగుల బ్లాకులు ఉంటాయి. 'పది అడుగులు వెయ్యి', 'ఇంత తిరుగు', 'నాలుగుసార్లు చెయ్యి' అనే ఆజ్ఞలు అవి. ఒకదాని కింద ఒకటి తగిలిస్తే నారింజ రంగు పిల్లి ఆ ప్రకారం నడుస్తుంది. మనం మనసులో అనుకున్నది కాదు, చెప్పింది మాత్రమే చేస్తుంది.

పాఠం ముగ్గుతో మొదలుపెట్టాం. ఇది మా సొంత తెలివేమీ కాదు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి గారు 1970లలోనే ముగ్గులకీ కంప్యూటర్ వ్యాకరణాలకీ ఉన్న సంబంధం మీద పరిశోధన చేశారు. పిల్లికి కలం ఇచ్చి, వంద అడుగులు వేసి 90 డిగ్రీలు తిరగమని నాలుగుసార్లు చెప్తే చతురస్రం వస్తుంది. అది అందరికీ వచ్చేసింది. తరవాత త్రిభుజం. బళ్ళో 60 డిగ్రీలు అని చదివారు కదా, అందరూ 60 పెట్టారు. నాలుగో తరగతి పిల్లాడొకడు గట్టిగా అరిచాడు: "అవ్వా, ఇదేం గిన్నె మాదిరి ఉండాది!"

నిజమే, మూడు గీతలు కలవకుండా గిన్నెలాగే వచ్చింది. వాళ్ళవ్వ లేచి, నేల మీద ముగ్గుపిండితో త్రిభుజం వేసి, "దీని మీద నడిచి చూడు నాయనా" అంది. వాడు నడిచాడు. మూల దగ్గరికొచ్చి చాలా దూరం తిరగాల్సి వచ్చింది. లోపలి కోణం 60, కానీ నడిచేవాడు తిరగాల్సింది 120. సేమౌర్ పాపర్ట్ అనే ఆయన లోగో తాబేలుతో పిల్లలకి ఇలాగే నేర్పేవారు. తాబేలు ఎటు తిరగాలో తెలియకపోతే నువ్వే తాబేలువై నడువు అంటారు ఆయన. 1980లో వచ్చిన ఆయన పుస్తకం 'మైండ్‌స్టార్మ్స్' చదివిన మాకు తట్టనిది అవ్వకి తట్టింది.

మా తప్పు జరిగింది అప్పుడే. మాలో ఒకరు నవ్వుతూ, "ఉండాది కాదు నాయనా, ఉంది అనాలి" అన్నారు. వాడు తల ఊపాడు. ఆ తరవాత ఆ రోజు నోరు విప్పలేదు. పై ఆదివారం అన్నిటికీ తమిళంలోనే జవాబు చెప్పాడు. ఆ పై వారం రాలేదు. ఇంటికి వెళ్ళి అడిగితే వాళ్ళమ్మ అంది: "వాడి తెలుగు తప్పంట కదా అన్నా, అందుకే రానంటా ఉండాడు."

ఆ మాటకి మా దగ్గర జవాబు లేదు. త్రిభుజం ఐదుసార్లు తప్పు వచ్చినా ఆ పిల్లాడు సిగ్గుపడలేదు, అంకె మార్చి మళ్ళీ నొక్కాడు. పిల్లి వాణ్ణి తిట్టలేదు కాబట్టి. యంత్రం దగ్గర తప్పు చేస్తూ నేర్చుకోమన్న మేమే, భాష దగ్గరికొచ్చేసరికి మొదటి తప్పుకే నోరు మూయించాం. అసలు అది తప్పు కూడా కాదు. చిత్తూరు వైపు, సీమ వైపు 'ఉండాది' ఈరోజుకీ నిక్షేపంగా ఉంది.

మన కోయంబత్తూరు జి.డి. నాయుడు గారు (1893–1974) బడి చదువు పెద్దగా లేకుండానే, ఒక మోటారు సైకిలు కొని విప్పి బిగించి యంత్రాల సంగతి నేర్చుకున్నారని మనమే గొప్పగా చెప్పుకుంటాం. మన పిల్లలకి తెలుగుని అట్లా విప్పి చూసుకునే వీలు మాత్రం ఇవ్వం.

అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాం. క్లాసులో ఎవరి మాటా దిద్దకూడదు. స్క్రాచ్‌లో సొంత బ్లాకు చేసి దానికి ఏ భాషలోనైనా పేరు పెట్టవచ్చు. మదురైలో ఒక పాప 'తిరుగు' అని తమిళ అక్షరాల్లో పెట్టింది. మాలో ఇద్దరికి నచ్చలేదు, ఐనా నోరు మూసుకున్నారు. ఆ పాపే, "మర తిప్పేదానికి తమిళంలో కూడా ఇదే మాట, అంకుల్" అంది. రెండు వారాల తరవాత, "తెలుగులో ఇది ఎట్ల రాస్తారు?" అని తనే అడిగింది. ఆ మూడక్షరాలూ నేర్చుకుంది. ఇప్పటికి దానికి వచ్చిన తెలుగు రాత అంతే. గొప్పలు చెప్పుకోం.

ఇరవై ముగ్గురిలో పదిహేడుగురు చివరిదాకా ఉన్నారు. ఆ పిల్లాడు మళ్ళీ వచ్చాడు. వాళ్ళమ్మ దగ్గర మేము తప్పు ఒప్పుకున్నాకే వచ్చాడు. ఎనిమిది రేకుల ముగ్గు వేసి, "చూడండి, ఎంత బాగుండాదో!" అన్నాడు. మేమందరం ఒకేసారి "బాగుండాది" అన్నాం.

దసరా సెలవుల్లో మళ్ళీ మొదలుపెడుతున్నాం. వాడకుండా మూలపడేసిన ల్యాప్‌టాప్ ఎవరింట్లోనైనా ఉంటే ఇవ్వండి. అంతకన్నా ముఖ్యం, ముగ్గులు వచ్చిన అవ్వల్ని పంపండి. పిండి మేము తెస్తాం.