తాళం వేసిన డబ్బు

డిగ్రీ అయ్యాక విదేశంలో పీజీ చదవాలన్న మాట మా ఇంట్లో ఆరు నెలలుగా నలుగుతోంది. వెళ్లాలా వద్దా అన్నది మొదటి వారంలోనే తేలిపోయింది, వెళ్లమన్నారు. బండి ఆగింది డబ్బు దగ్గరే. మన తెలుగు సెక్షన్‌లోనే ఇదే లెక్క వేసుకుంటున్నవాళ్లు కనీసం నలుగురున్నారు. వాళ్లు మళ్లీ మొదట్నుంచి తిరగకుండా, నేను తిరిగి కనుక్కున్నది ఈ గోడ మీద పెడుతున్నాను.

ముందు మా ఇంటి సంగతి. నాయన కె.ఆర్. మార్కెట్‌లో ఒక మండీలో లెక్కలు రాస్తాడు. అమ్మ బ్లౌజులు కుడుతుంది. పలమనేరు దగ్గర మా ఊళ్లో ఎకరంన్నర చేను ఉంది. కాగితాల్లో అది నాయనది, ఇంట్లో అందరి మనసులో నా పెళ్లి ఖర్చు. "పెండ్లికి పెట్టేది చదువుకే పెడదాంలే పాపా" అని నాయన బేరం కూడా మొదలుపెట్టాడు. అయితే ఆ చేనిలో పండే శనక్కాయల మీదే మా అవ్వ ఒక్కతే ఊళ్లో బతుకుతోంది. ఆమెను ఎవరూ అడగలేదు. పండక్కి వెళ్లినప్పుడు నేనే అడిగాను. "అమ్ముకోండి పాపా, నాకింక ఎన్నాళ్లు" అంది, చాటలో కాయలు చెరుగుతూ, తలెత్తకుండా. చేను అమ్మకుండా వెళ్లే దారి దొరికితేనే వెళ్లాలని నేను అప్పుడే అనుకున్నాను.

అమ్మకపోతే తాకట్టు పెట్టొచ్చు కదా అంటారు. బ్యాంకులు మామూలుగా ఏడున్నర లక్షల దాకా తాకట్టు లేకుండా చదువు అప్పు ఇస్తాయి. అది దాటితే ఇల్లో, స్థలమో చూపించాలి. సాగుభూమి అంటే వెనకాడతారు. బాకీ కట్టనివాళ్ల ఆస్తిని బ్యాంకులు నేరుగా స్వాధీనం చేసుకోవడానికి 2002లో తెచ్చిన సర్ఫేసీ చట్టం సాగుభూమికి వర్తించదు, అందుకని. నాయన దిగాలు పడ్డాడు గానీ, అవ్వ చేనుకి చట్టమే కాపలా కాస్తోందని నాకు లోపల సంతోషమే వేసింది.

తర్వాత, "ఉచిత సలహా" అని బోర్డు పెట్టుకున్న ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. చల్లగా ఏసీ, కాఫీ, అన్నీ బాగున్నాయి. నా మార్కులు చూడకముందే ఇంగ్లండులో ఒక ఏడాది కోర్సు ఖాయం చేసేశారు. ఇలాంటి చోట్ల సలహా ఉచితమే, ఎందుకంటే చేర్పించినందుకు వాళ్లకు కమీషన్ ఇచ్చేది విశ్వవిద్యాలయం. ఫీజు తీసుకోని చోట కమీషన్ ఎక్కణ్నుంచి వస్తుంది? అందుకే జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల పేరు అక్కడ మేం అడిగేదాకా రాలేదు.

జర్మనీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో ట్యూషన్ ఫీజు లేదు. ప్రతి సెమిస్టరుకీ చిన్న రుసుము కడితే చాలు, చాలాచోట్ల బస్సు, రైలు పాసు కూడా అందులోనే వస్తుంది. "ఫ్రీ" అని మనవాళ్లు చెప్పేది ఇంతవరకే. వీసా కావాలంటే మొదటి ఏడాది తిండికీ, అద్దెకీ డబ్బుందని రుజువు చూపించాలి. అందుకోసం బ్లాక్డ్ అకౌంట్ అని ఒకటి తెరిచి, 2024 సెప్టెంబరు నుంచి ఉన్న లెక్క ప్రకారం, 11,904 యూరోలు ముందే వేసెయ్యాలి. మన డబ్బులో పదకొండు, పన్నెండు లక్షలు. అక్కడికి వెళ్లాక నెలకి 992 యూరోల చొప్పున మన చేతికే వస్తాయి.

ఇది నాయనకి ఎంత చెప్పినా ఫీజులాగే వినిపించింది. మిషన్ దగ్గర కూర్చున్న అమ్మ మాత్రం గుండీ కుట్టడం ఆపి, "అది మన దుడ్డే గదా నెలనెలా వచ్చేది? చీటీని తిరగేసినట్టుండాది. చీటీలో నెలనెలా కట్టి ఒకేసారి ఎత్తుకుంటాం, వాళ్లు ఒకేసారి కట్టించుకుని నెలనెలా ఇస్తా ఉండారు" అంది. నేను చదివిన ఏ కరపత్రమూ ఇంత బాగా చెప్పలేదు. అప్పట్నుంచి మా ఇంట్లో దాని పేరు తిరగేసిన చీటీ.

దాంతో మా లెక్క మారింది. ఇది పోయే డబ్బు కాదు, కానీ మొదటి రోజే మొత్తం చేతిలో ఉండాలి. మనలాంటి ఇళ్లలో రానిది అదే. నెలనెలా కట్టమంటే అమ్మ ఎలాగో కట్టేస్తుంది. తాకట్టు లేని ఏడున్నర లక్షల అప్పు పోను, మిగతా నాలుగు లక్షల చిల్లర నేను ఉద్యోగం చేసి కూడబెట్టాలి. ఏడాదిన్నర పడుతుందని నా అంచనా. దానికి ముందు కట్టేవి కూడా ఉన్నాయి. మన సర్టిఫికెట్లను సరిచూసే ఏపీఎస్‌కి 18,000 రూపాయలు. యూని-అసిస్ట్ ద్వారా పంపే దరఖాస్తుల్లో మొదటిదానికి 75 యూరోలు, తర్వాత ఒక్కోదానికి 30. జర్మన్ రాకపోతే సాహిత్యం, చరిత్ర లాంటి కోర్సులకు దారులు బాగా తగ్గుతాయి. ఇందిరానగర్ సి.ఎం.హెచ్. రోడ్డులో మాక్స్ ముల్లర్ భవన్ ఉంది కదా, బెంగళూరులో ఉన్నందుకు మనకి ఆ ఒక్క సౌకర్యం దక్కింది.

ఇంకో చిక్కు. దక్షిణాసియా భాషలూ, సమాజాల మీద చదవాలంటే ముందు వినిపించే పేరు హైడెల్‌బర్గ్, అక్కడి సౌత్ ఏషియా ఇన్‌స్టిట్యూట్. ఆ ఊరున్న బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రం మాత్రం 2017 నుంచి యూరప్ కూటమి బయటివాళ్ల దగ్గర సెమిస్టరుకి 1,500 యూరోలు తీసుకుంటోంది. మన సబ్జెక్టు సరిగ్గా ఫీజున్న రాష్ట్రంలోనే వెళ్లి కూర్చుంది, ఏం చేస్తాం.

ప్రభుత్వ సాయం లేదా అంటే, ఉంది. తెలంగాణ ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు వేర్వేరు పథకాల కింద 20 లక్షల దాకా ఇస్తుంది. ఆంధ్రలో 2022లో వచ్చిన పథకాన్ని విశ్వవిద్యాలయాల క్యూఎస్ ర్యాంకులకు ముడిపెట్టారు. కర్ణాటకలో ఎస్సీ, ఎస్టీలకు ప్రబుద్ధ పథకం ఉంది. ప్రతి రాష్ట్రమూ తన పిల్లలకే ఇస్తుంది, న్యాయమే. రేషన్ కార్డు చిత్తూరు జిల్లాలో, మార్కుల కార్డులన్నీ బెంగళూరులో ఉన్న నాలాంటివాళ్లు ఎవరి పిల్లలో మాత్రం ఏ దరఖాస్తులోనూ రాసి లేదు.

నా పక్క బెంచీ స్నేహితురాలికి కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కి అర్హత ఉంది. ఏటా 125 మందికి ఇస్తారు, ఎక్కువ భాగం ఎస్సీ విద్యార్థులకు. అందులో 30 శాతం స్త్రీలకు. రాష్ట్రం గొడవ లేదు. ఆమెకి వాళ్ల ఊరి చెక్కభజన మీద పరిశోధన చెయ్యాలని ఉంది. ఆశగా నిబంధనలు తెరిచాం. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద చేసే చదువులకు ఇవ్వబోమని 2022లో చేర్చారు. ఆమె చదివి నవ్వేసింది. "ఇంజనీరింగ్ చదివుంటే మనూరి సంగతి ఎవురూ అడిగేవాళ్లు కాదు" అంది. నాకు నవ్వు రాలేదు. ఆ నియమం పెట్టినవాళ్లు మన చదువు ఇక్కడే ఉండి చేసుకోవచ్చు కదా అనుకుని ఉండొచ్చు. కానీ మన దాన్ని బయటివాళ్ల పక్కన పెట్టి చూసే అవకాశం డబ్బున్నవాళ్లకే మిగలాలా?

ఆ కోపంలోనే ఇంకా వెతికితే ఎరాస్మస్ ముండుస్ దొరికింది. యూరోపియన్ యూనియన్ డబ్బుతో నడిచే మాస్టర్స్ కోర్సులివి. స్కాలర్‌షిప్ వస్తే ఫీజు వాళ్లే కడతారు, నెలకి 1,400 యూరోలు ఇస్తారు, రెండేళ్లలో కనీసం రెండు దేశాల్లో చదివిస్తారు. పోటీ గట్టిదే. కానీ ఏ రాష్ట్రం అని అడగరు. చాలా కోర్సులకు అక్టోబరు నుంచి జనవరి లోపల దరఖాస్తు పెట్టాలి. వాటిలో కోరియోముండుస్ అని ఒకటి, పూర్తిగా నృత్యం మీద: నాట్యాన్ని ఒక జ్ఞానంగా, వారసత్వంగా చదివే కోర్సు. చెక్కభజన అక్కడ పాఠ్యాంశం కాగలదు. ఇది చూపించినప్పుడు నా స్నేహితురాలు రెండు సార్లు చదివింది, ఫోన్ తిరిగి ఇవ్వలేదు.

ఈ వెతుకులాటలో నాకు ధైర్యం ఇచ్చింది పాతవాళ్లు. "ముసలమ్మ మరణము" రాసిన కట్టమంచి రామలింగారెడ్డిది మా చిత్తూరు పక్కనే. ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద కేంబ్రిడ్జి వెళ్లి, తర్వాత ఈ మైసూరు రాజ్యంలోనే విద్యాశాఖలో పనిచేశాడు. యల్లాప్రగడ సుబ్బారావుకి మామగారి డబ్బూ, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధీ ఆసరా. అవి చాలక బోస్టన్‌లో ఒక ఆస్పత్రిలో రాత్రిళ్లు రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తాడు. సొంత డబ్బుతో వెళ్లినవాళ్ల కథలు వేరే గోడ మీద రాసుకుంటారులెండి.

ప్రస్తుతానికి చేను బేరం ఆగింది. నాయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, "చూద్దాం" అంటున్నాడు. అమ్మ కొత్త చీటీలో నా పేరు రాయించింది. నా స్నేహితురాలు ఈ అక్టోబరులోనే దరఖాస్తు పెడుతోంది, నేను వచ్చే ఏడు. తనకి ఇద్దరు అధ్యాపకుల సిఫారసు లేఖలు కావాలి, ఇంగ్లీషులో, కాలేజీ లెటర్‌హెడ్ మీద. మేడమ్, మీరు ఇది చదువుతూ ఉంటే, సోమవారం రెండో పీరియడ్ అయ్యాక ఇద్దరం స్టాఫ్ రూముకి వస్తాం. చెక్కభజన గురించి తను రాసుకున్న నాలుగు పేజీలు కూడా తెస్తోంది.