హాస్టల్లో నెలసరి రాత్రులు

నెలసరి గురించి బడిలో చెప్పేదంతా పగటి పాఠమే. సైన్సు పుస్తకంలో బొమ్మ ఉంటుంది. నర్సమ్మ వచ్చిన రోజు ప్యాడ్ ఎలా పెట్టుకోవాలో చూపిస్తుంది. రాత్రి లైట్లు ఆర్పేశాక, పొద్దున గంట కొట్టేదాకా ఉన్న ఆ ఏడెనిమిది గంటలు ఎలా గడపాలో మాత్రం ఎవరూ చెప్పరు. బాన్సువాడ చుట్టుపక్కల తండాల నుంచి, గూడేల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండి చదువుకునే మన ఆడపిల్లలకు అసలు కష్టం ఆ గంటల్లోనే.

ఇంట్లో ఉంటే పక్కన యాడి ఉంటుంది. పాత చీర చింపి, మడతపెట్టి ఇస్తుంది. అర్ధరాత్రి లేపినా విసుక్కోదు. హాస్టల్లో ఒకే గదిలో పాతిక, ముప్పై మంది. చద్దరు మీద మరక పడితే పొద్దున అందరూ చూస్తారన్న భయం. ఆ భయంతో ట్రంకుపెట్టెకు ఆనుకొని కూర్చునే తెల్లవారించిన పిల్లల్ని మేము చూశాం. చీకట్లో బాత్రూముకు పోవాల్సి వస్తుందని పొద్దుగూకినప్పటి నుంచి మంచినీళ్లు ముట్టని వాళ్లనూ చూశాం. అలాంటి పిల్ల మర్నాడు లెక్కల క్లాసులో కునికితే బద్ధకం అనే పేరు వస్తుంది.

భయం పోవాలంటే ముందు శరీరం సంగతి తెలియాలి. ఒక నెలసరి మొత్తంలో పోయే రక్తం మామూలుగా 30 నుంచి 40 మిల్లీలీటర్లు. అంటే చిన్న టీ గ్లాసులో సగం కూడా ఉండదు. బట్ట మీద పరుచుకుంటుంది కాబట్టి చూడ్డానికి ఎక్కువగా కనిపిస్తుంది. నిలబడినప్పుడు అది కిందికి దిగుతుంది, వెల్లకిలా పడుకుంటే వెనక్కి పారుతుంది. అందుకే పగలు సరిపోయిన ప్యాడే రాత్రి సరిపోదు. తప్పు పిల్లది కాదు, ప్యాడ్ పొడవుది.

రాత్రి కోసం పొడవాటి ప్యాడ్లు దుకాణాల్లో దొరుకుతాయి. అవి లేకపోతే మామూలు ప్యాడ్లు రెండు తీసుకొని, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి, మధ్యలో కొంచెం ఒకదాని మీద ఒకటి వచ్చేలా పెట్టుకోవచ్చు. బిగుతుగా పట్టి ఉండే లోదుస్తు వేసుకోవాలి. పడుకునే ముందు తప్పకుండా కొత్తది మార్చుకోవాలి, లేవగానే మళ్లీ మార్చుకోవాలి. పక్కకు తిరిగి, మోకాళ్లు కొంచెం ముడుచుకొని పడుకుంటే మరక భయం తగ్గుతుంది, పొత్తికడుపు నొప్పికీ హాయిగా ఉంటుంది. నడుము కింద పాత నూలు బట్ట నాలుగు మడతలు వేసి పరుచుకుంటే చద్దరు పాడవదు. అయినా మరక పడిందా, చన్నీళ్లలో నానబెట్టి సబ్బు పెట్టి ఉతికితే పోతుంది. వేడినీళ్లు పోస్తే మరక గట్టిపడుతుంది.

బట్ట వాడేవాళ్లు చిన్నబోవాల్సిన పని లేదు. మన అమ్మలు, అమ్మమ్మలు అంతా బట్టతోనే గడిపారు. మెత్తని నూలు బట్ట మంచిదే. దాన్ని సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి. ఎవరైనా చూస్తారని పరుపు కిందో, లంగా చాటునో దాచి నీడలో ఆరబెడితే చెమ్మ పోదు. అలాంటి బట్టతో దురద, పుండ్లు వస్తాయి. సిగ్గుతో కాకుండా ఎండతో ఆరాలి మన బట్ట.

ఖర్చు సంగతికొస్తే, 2018 జులైలో ప్యాడ్ల మీద జీఎస్టీ ఎత్తేశారు. జనఔషధి దుకాణాల్లో సువిధ ప్యాడ్ ఒకటి రూపాయికి ఇస్తున్నారు. కేరళలోని కుంబళంగి పంచాయతీలో 2022లో ఆడవాళ్లకు కప్పులు పంచారు. ఒకసారి పెట్టుకుంటే పన్నెండు గంటల దాకా ఉంచుకోవచ్చు కాబట్టి రాత్రికి అవి బాగానే ఉంటాయి. కానీ వాటిని మరగబెట్టి శుభ్రం చేసుకునే వీలుండాలి. హాస్టల్ పిల్లలకు ఆ వీలు తక్కువ.

ఇంతవరకూ పిల్ల చేతిలో ఉన్న పని. మిగతాది టీచర్లదీ వార్డెన్లదీ. చాలాచోట్ల ప్యాడ్లు బీరువాలో ఉంటాయి, తాళంచెవి వార్డెన్ దగ్గర ఉంటుంది. రాత్రి రెండు గంటలకు ఎనిమిదో తరగతి పిల్ల పోయి తలుపు కొట్టి "మేడమ్, ప్యాడ్ కావాలి" అనగలదా? అడగలేక నోట్‌బుక్ కాగితాలు మడిచి పెట్టుకుంటుంది. ప్యాడ్ ఎంత మంచిదైనా, మార్చుకునే చోటికి భయం లేకుండా పోగలిగినప్పుడే అది పనికొస్తుంది. బాత్రూము దారిలో రాత్రంతా వెలిగే లైటు, కరెంటు పోతే అందుబాటులో ఒక టార్చి, పడుకునే ముందే నింపిపెట్టిన నీళ్ల డ్రమ్ము, లోపలి నుంచి పడే గడియ, మూత ఉన్న చెత్తబుట్ట, పక్కన పాత పేపర్లు. ఇవేవీ పెద్ద బడ్జెట్ అడిగేవి కావు.

ఈ ఏర్పాటు లేనిచోట ఏమవుతుందో మన చుట్టూనే ఉంది. గోదావరి, ప్రాణహిత అవతల గడ్చిరోలి జిల్లాలో మాడియా గోండుల ఊళ్లలో కుర్మా ఘర్ అని ఊరి చివర గుడిసెలుంటాయి. ముట్టు రోజుల్లో ఆడవాళ్లు రాత్రుళ్లు అక్కడే పడుకోవాలి. చాలా గుడిసెలకు సరైన తలుపు ఉండదు. కొన్నేళ్లుగా అక్కడి ఆడవాళ్లు, స్వచ్ఛంద సంస్థలు కలిసి వాటి స్థానంలో మంచం, నీళ్లు, బాత్రూము ఉన్న ఇళ్లు కట్టించుకుంటున్నారు. ఆచారం ఒక్కరోజులో మారకపోయినా, ముందు ఆడమనిషి ప్రాణం నిలవాలి కదా అన్న ఆలోచన అది.

చెరకు కోతకు వలస వెళ్లే కుటుంబాలు మన తండాల్లోనూ ఉన్నాయి. కోత గుడిసెల దగ్గర బాత్రూము ఉండదు, రాత్రి నిద్ర చాలదు, పనికి రాకపోతే జరిమానా. 2019లో మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీ బీడ్ జిల్లాలో 82 వేల మందికి పైగా చెరకు కోత ఆడవాళ్ల వివరాలు సేకరిస్తే, 13 వేల మందికి పైగా గర్భసంచి తీయించుకున్నట్టు తేలింది. నెలసరిని సుఖంగా గడిపే దారి చూపని చోట గర్భసంచినే తీసేస్తున్నారు. మన పిల్లలు రేపు ఏ పనికి పోయినా, "ఈ బాధ ఎందుకు, తీయించుకో" అనే మాటకు లొంగకూడదంటే ఇప్పుడే వాళ్లకు అన్నీ తెలియాలి.

నొప్పి విషయం కూడా. పడుకునే ముందు వేడినీళ్ల సీసాను బట్టలో చుట్టి పొత్తికడుపు మీద పెట్టుకుంటే చాలామందికి తగ్గుతుంది. తగ్గకపోతే ఏఎన్ఎంను అడిగి మాత్ర వేసుకోవాలి, ఓర్చుకోవడం గొప్ప కాదు. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, ఏడు రోజులు దాటినా, రూపాయి బిళ్ల కన్నా పెద్ద గడ్డలు పడుతున్నా డాక్టరుకు చూపించాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తం తక్కువ. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్రను కిటికీలోంచి పారేయకుండా, అన్నం తిన్నాక మింగాలి.

టీచర్లకు మా మనవి ఒకటే. ప్రతి పడక గదిలో తాళం లేని డబ్బా ఒకటి పెట్టండి. అందులో ప్యాడ్లు, ఒక లోదుస్తు, పాత నూలు బట్ట, సబ్బు, టార్చి ఉంచండి. ఎవరు తీసుకున్నారని అడగొద్దు, రిజిస్టర్‌లో సంతకం పెట్టించొద్దు. ఖాళీ అయితే నింపండి. పై తరగతి అమ్మాయిల్లో ఇద్దరికి ఆ బాధ్యత అప్పగించి, చిన్నపిల్లలకు వాళ్ల ఇంటి భాషలోనే చెప్పమనండి. లంబాడీలో అడిగిన పిల్లకు లంబాడీలోనే జవాబు రావాలి.

చెల్లెళ్లారా, రాత్రి అవసరమైతే పక్క మంచం మీద అక్కను లేపండి. అక్కలారా, లేపితే లేవండి.