అమీర్‌పేట సెల్లార్‌లో స్వీడన్ బల్ల



మొన్న డిసెంబరు 13, రెండో శనివారం నాడు అమీర్‌పేటలో మన పిల్లలు జరిపిన విందు ఫొటోలు చూసి ఊళ్లో చాలామంది మమ్మల్ని అడుగుతున్నారు. "అయ్యగారూ, చేపలో పంచదార పోశారంట, నిజమేనా?" అని ఒకరు. "సెమీ క్రిస్మస్ అంటారు, బిర్యానీ లేకుండా ఎట్లా?" అని ఇంకొకరు. ఒక పెద్దాయన స్వీడన్, స్విట్జర్లాండ్ ఒకటేనా అని కూడా అడిగారు. ఒకటి కాదు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నాము.

మన సంఘం నుండి ఏటా నలుగురైదుగురు డిగ్రీ అయిపోగానే అమీర్‌పేట చేరతారన్న సంగతి మీకు తెలిసిందే. మైత్రీవనం చుట్టుపక్కల ఏదో ఒక కోర్సు, సందులో ఒక హాస్టల్, గదికి నాలుగు మంచాలు. ఆ హాస్టల్ సాంబారు మీద పిల్లలు చెప్పే జోకులు మందిరంలో చెప్పదగినవి కావు. ఉద్యోగాలు వచ్చి అక్కడే స్థిరపడ్డ పిల్లలు కొందరు, వేరే ఊళ్ల వాళ్లు, వేరే మతాల వాళ్లు కలిసి రెండో శనివారం శనివారం ఒకచోట వండుకుని తింటారు. పేరూ లేదు, అధ్యక్షుడూ లేడు, అందరూ తిండిప్రియులే. ఒక నెల ఉలవచారు, ఒక నెల మండీ, ఒక నెల మోమోలు. డిసెంబరు వంతు మన సంఘపు తమ్ముడికి వచ్చింది. క్రిస్మస్ నెల కాబట్టి, ప్రార్థన చేయడానికి మమ్మల్నీ అమ్మగారినీ పిలిచారు.

ఈ తమ్ముడు 2010లో స్వీడన్‌లో కార్ల్స్‌క్రోనా అనే ఊరికి చదువుకు వెళ్లాడు. అప్పట్లో అక్కడి బ్లెకింగే సాంకేతిక విద్యాసంస్థకు మన తెలుగు పిల్లలు గుంపులు గుంపులుగా వెళ్లేవారు, ఎందుకంటే ఫీజు లేదు. 2011 నుండి ఐరోపా బయటివారికి ఫీజులు పెట్టారు, ఆ దారి ఇరుకైపోయింది. ఆ డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడేదట. వాళ్లకు పండుగ 24వ తేదీ సాయంత్రమే. ఆ రోజు కొట్లు మూసేస్తారు, వీధిలో మనిషి కనబడడు. గదిలో మ్యాగీ ఉందిలే అనుకుని కూర్చున్నవాణ్ణి, ఆదివారం ఆరాధనలో రెండుసార్లు చూసిన ముసలి దంపతులు వచ్చి కారెక్కించుకుని తీసుకుపోయారు. భాష సరిగా రాదు. అక్కడ వాళ్లు పెట్టిన భోజనాన్నే యూల్‌బూర్డ్ అంటారు, క్రిస్మస్ బల్ల అని అర్థం. అదే ఇప్పుడు అమీర్‌పేటలో పెడతానన్నాడు.

ఆ బల్ల సంగతి కొంచెం చెప్పాలి. అన్నీ ఒకేసారి కలుపుకుని తినరు. విడతలు విడతలుగా లేచి వెళ్లి వడ్డించుకోవాలి, ప్రతి విడతకూ కొత్త ప్లేటు. మొదట హెర్రింగ్ అనే చేప, ఊరబెట్టినది, ఉడికించిన బంగాళాదుంపలతో. తర్వాత మిగతా చేపలు. తర్వాత చల్లని మాంసాలు, వాటిలో ఆవపిండి పూసి కాల్చిన పంది తొడ పెద్దపీట. ఆపైన వేడివి: మాంసపు ఉండలు, బంగాళాదుంప పాల మీగడల వంటకం. చివర పాలలో ఉడికిన అన్నం.

వింటే ధనవంతుల విందులా ఉంది కదా. కానీ ఒక్కొక్కటీ విప్పి చూస్తే లోపల పేదరికమే కనబడుతుంది. ఉప్పు చేప, ఎండు చేప చలికాలం గడవడానికి దాచుకున్నవి. లూట్‌ఫిస్క్ అని ఒక వంటకం ఉంది: ఎండిన చేపను క్షారపు నీళ్లలో నానబెట్టి, మళ్లీ మంచినీళ్లలో రోజుల తరబడి ఊరనిచ్చి ఉడికిస్తారు. సంస్కరణకు ముందు క్రిస్మస్ దాకా ఉపవాస దినాలు ఉండేవి, మాంసం తినకూడదు, అందుకే చేప. 1527 తర్వాత ఆ దేశం లూథరన్ అయింది, ఉపవాసం పోయింది, చేప మాత్రం బల్ల మీద ఉండిపోయింది. అన్నిటికన్నా మాకు నచ్చింది ఇంకొకటి. పంది తొడ ఉడికించిన నీళ్లలో రొట్టె ముంచుకు తింటారు. ఎంత కలిగినవారైనా సరే, ముంచవలసిందే. డిసెంబరు 24కు వాడుకలో 'ముంచే రోజు' అనే పేరే ఉంది. మాంసం అందరికీ చాలని రోజుల్లో దాని నీళ్లయినా అందరికీ అందేవి. మన ఇళ్లల్లో తలకాయ చారు సంగతి వేరే చెప్పాలా.

1867, 68 సంవత్సరాల్లో ఆ దేశంలో ఘోరమైన కరువు వచ్చింది. మన తాతముత్తాతలు ధాత కరువు చూసినట్టే, పదేళ్లు ముందు. ఆ కరువుకు ముందూ వెనకా పది లక్షలకు పైగా జనం ఓడలెక్కి అమెరికా పోయారు. ఆ వలస కూలీలు, రైతులు 1860లో అక్కడ పెట్టుకున్న సంఘమే ఆగస్టానా సినడ్. వాళ్ల కానుకలతోనే తర్వాత మన రాజమండ్రి వైపు లూథరన్ మిషన్‌కు మిషనరీలు వచ్చారు. అమ్మగారి పుట్టిల్లు ఆ వైపే. కాబట్టి స్వీడన్ బల్ల మనకు మరీ పరాయిది కాదని మేమన్నాము. "అయితే పెట్టుబడి వాళ్లనే పెట్టమనండి" అని ఒక పిల్లవాడు నవ్వించాడు.

పెట్టుబడి లెక్కలోనే అసలు మాట బయటికొచ్చింది. నలభై మంది, తలా ఐదు వందలు అనుకున్నారు. అప్పుడు పంజాగుట్టలో నర్సుగా చేసే చెల్లి లేచి, "నిమ్స్ బయట మన వైపు వాళ్లు ఎంతమంది ఉన్నారో తెలుసా? మన మండలం వాళ్లే ఇద్దరున్నారు. లోపల రోగి, బయట ఫుట్‌పాత్ మీద వీళ్లు, నెలల తరబడి. మెట్రోలో ఒక్క స్టేషను దూరం. వాళ్లను పిలుద్దాం" అంది.

అందరూ వెంటనే ఆమెన్ అనలేదు. ఒక పిల్లవాడు గట్టిగా అడ్డం వచ్చాడు. "వాళ్లకు పప్పన్నం కావాలి గానీ తీపి చేప ఎందుకు? మన సరదాకి వాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల మొహాలు చూసి మనం సంతోషపడతామా?" అన్నాడు. ఆ సాయంత్రం అక్కడ పలికిన మాటల్లో అన్నిటికన్నా నిజాయితీ గలది ఇదేనని మా అభిప్రాయం. ఆ పిల్లవాడు మందిరానికి రాడు, అయినా. ఇంకొకరు మధ్యే మార్గం చూపించారు: ఇరవై బిర్యానీ పార్సిళ్లు కట్టించి పంచి వద్దాం, మన విందు మనం చేసుకుందాం.

డిసెంబరులో పార్సిళ్లకు ఆ ఫుట్‌పాత్‌ల మీద లోటుండదు. పంచేవారు నిలబడి ఉంటారు, తీసుకునేవారు చెయ్యి చాపి ఉంటారు, మధ్యలో ఒక ఫోను ఫొటో తీస్తుంటుంది. ఆకలి తీరుతుంది, దాన్ని మేము తీసిపారేయము. కానీ లూకా 14వ అధ్యాయం తెరిచి చూడండి. ప్రభువు ఒక పరిసయ్యుల అధికారి ఇంట్లో, ఆయన బల్ల దగ్గరే కూర్చుని, ఆయన మొహం మీదే అతిథుల జాబితా మార్చమంటాడు. బంధువుల్నీ ధనవంతులైన ఇరుగుపొరుగునూ కాదు, తిరిగి పిలవలేని వాళ్లను పిలవమంటాడు. భోజనం పంపించమనలేదు, పిలవమన్నాడు. కొరింథులో సంఘం కలిసి భోజనం చేసినప్పుడు కలిగినవాళ్లు ముందే తినేసి, లేనివాళ్లు ఆకలితో మిగిలిపోతుంటే పౌలు ఎంత కోపంగా రాశాడో మొదటి పత్రిక 11లో ఉంది. అక్కడా గొడవ వంటకాల మీద కాదు, ఎవరు ఎవరితో కూర్చున్నారన్న దాని మీద.

చివరికి తేలిందేమిటంటే, బల్ల ఒక్కటే. స్వీడన్ వంటల పక్కనే అన్నం, టమాటా పప్పు, గోంగూర పచ్చడి, పెరుగు. ఎవరికి కావలసింది వాళ్లు పెట్టుకుంటారు. అతిథుల ఫొటోలు తీయకూడదు. అందుకే మీరు చూసిన ఫొటోల్లో గిన్నెలే ఉన్నాయి, మనుషులు లేరు.

ఇక వంట. హెర్రింగ్ ఇక్కడ దొరకదు, రాంనగర్ మార్కెట్ నుండి కవళ్లు ఆరు కిలోలు తెచ్చారు. ఊరబెట్టే నీళ్లకు స్వీడన్ వాళ్ల లెక్క ఒకటి, రెండు, మూడు: ఒక వంతు వెనిగర్, రెండు వంతులు పంచదార, మూడు వంతులు నీళ్లు. వాళ్ల వెనిగర్ పన్నెండు శాతం ఘాటుది. మన కొట్లో దొరికేది నాలుగైదు శాతమే, అందుకని నీళ్లు దాదాపు మానేసి వెనిగర్ పెంచాము. పచ్చి చేప వద్దని అమ్మగారు పట్టుబట్టారు, వేయించే ఊరబెట్టాము. అక్కడా వేయించి ఊరబెట్టే పద్ధతి ఒకటుంది కాబట్టి తమ్ముడు ఒప్పుకున్నాడు. ఉల్లిపాయ, మిరియాలు, లవంగం, బిర్యానీ ఆకు పడ్డాక ఆ వాసన మరీ పరాయిగా లేదు. పంది మాంసం తిననివారు చాలామంది, అందుకని కోడికి ఆవపిండి, గుడ్డుసొన, బ్రెడ్ పొడి పట్టించి కాల్చారు. ఆ కోళ్లు ఉడికిన నీళ్లను మాత్రం పారబోయలేదు, అది ముంచుకోవడానికి. బంగాళాదుంప మీగడ వంటకంలో వాళ్లు డబ్బా చేపలు వేస్తారు, అమ్మగారు ఎండు నెత్తళ్లు నానబెట్టి వేశారు. ఆ వాసనకు మూడో అంతస్తు వాళ్లు కిందికి దిగివచ్చి ఏం జరుగుతోందని అడిగారు. వాళ్లకూ తలా ఒక ఆకు వేశాము. మాంసపు ఉండలు, లింగన్‌బెర్రీ జామ్ తేవడానికి ఇద్దరు పిల్లలు మెట్రోలో రాయదుర్గం వెళ్లి ఐకియా నుండి తెచ్చారు. 2018లో అది తెరిచిన నాటి నుండీ అక్కడ కోడి ఉండలు, కూరగాయల ఉండలే. ఆ జామ్ పులుపు అచ్చం వాక్కాయ.

ప్రతి విడతకూ కొత్త ప్లేటంటే కడగడానికి మనిషి ఎక్కడ? మోదుగ విస్తళ్లు నాలుగు వందలు తెచ్చారు. ఆ సెల్లార్‌లో బండ్లు బయట పెట్టించి, టెంట్ హౌస్ బల్లలు ఒకే వరుసగా కలిపి, తెల్లగుడ్డ పరిచి, సీరియల్ లైట్లు కట్టారు. డిసెంబరు 13 స్వీడన్‌లో లూసియా దినం కూడా. భూగర్భంలో దాక్కున్న విశ్వాసులకు భోజనం మోసుకుపోతూ, చేతులు ఖాళీ లేక తలమీద దీపాలు పెట్టుకుందని ఆమె గురించి చెప్పుకుంటారు. హాస్టల్ అమ్మాయి ఒకతె తెల్ల చున్నీ వేసుకుని బ్యాటరీ కొవ్వొత్తుల కిరీటంతో సెల్లార్ ర్యాంపు దిగి వచ్చింది.

పిలవడం రెండు రోజుల ముందే జరిగింది. గుంపుగా ప్రకటన చెయ్యకుండా, ఒక్కొక్కరి పక్కన కూర్చుని, ఇంటి పేరు, ఊరి పేరు అడిగి, "శనివారం సాయంత్రం మాతో భోజనానికి రండి" అన్నారు. "డబ్బులెంత?" అని అడిగినవాళ్లున్నారు. ఎక్కువమందికి అడ్డమొచ్చింది ఒక్కటే: లోపలి నుండి ఎప్పుడు పిలుస్తారో తెలియదు, మందు తెమ్మంటారు, కదలలేము. దానికి కొందరు పిల్లలు తామే ఉపాయం చెప్పారు. ఏడుగురు పిల్లలు వాళ్ల ఫోన్ నంబర్లు తీసుకుని, వాళ్ల చాపల మీద, వాళ్ల సంచుల దగ్గర కూర్చున్నారు. పిలుపొస్తే ఫోన్ చేసి, ఆటోలో పంపించాలి. ఆ ఏడుగురిలో తీపి చేప ఎందుకని అడ్డం వచ్చిన పిల్లవాడు ఉన్నాడు. వాళ్లు తొమ్మిదిన్నర దాటాక వచ్చి మిగిలింది తిన్నారు.

పందొమ్మిది మంది వచ్చారు. మొదటి విడతలో తీపి చేపను ఇద్దరు ముగ్గురు నోట్లో పెట్టుకుని పక్కకు పెట్టేశారు. నారాయణపేట వైపు నుండి వచ్చిన ఒక పెద్దమ్మ మాత్రం మూడుసార్లు వేయించుకుని, "చింతపులుసు పడితే ఇంకా బాగుండు" అంది. తమ్ముడు దాన్ని కాగితం మీద రాసుకున్నాడు. నీళ్లలో రొట్టె ముంచడం ఎవరికీ నేర్పవలసిన పని పడలేదు. ఐదు వందలు కట్టినవాళ్లు, కట్టనివాళ్లు ఎవరో తెలియకుండా నలుగురు కూర్చునే చోట ఆరుగురు కూర్చుని ముంచుతుంటే, గిన్నె రెండుసార్లు నింపవలసి వచ్చింది. గోంగూర పచ్చడి అందరికంటే ముందు ఖాళీ చేసింది సాఫ్ట్‌వేర్ పిల్లలు.

చివర పాలన్నం. మన పరమాన్నమే, బెల్లం బదులు పైన పంచదార, దాల్చినచెక్క పొడి. పెద్ద గిన్నెలో ఒకే ఒక్క బాదంపప్పు దాస్తారు. ఎవరికొస్తే వాళ్లకు ఆ వచ్చే ఏడాది పెళ్లవుతుందని అక్కడ సరదా. హాస్టల్ పిల్లలంతా విస్తళ్లు గాలిస్తుంటే, చివరి వరుసలో ఒక పెద్దాయన పంటికింద రాయి తగిలిందనుకుని తీసి ఆకు అంచున పెట్టాడు. పిల్లలు కేకలు వేశారు. సంగతి చెబితే ఆయన నవ్వలేదు. "మా బిడ్డకిస్తా. లోపలుంది. ఇరవై రెండేళ్లు" అని, బాదంపప్పు కడిగి రుమాలులో కట్టుకున్నాడు. మేము ఆయనతో ఆటోలో వెళ్లి గేటు దగ్గర ప్రార్థన చేశాము. జనవరిలో ఆ అమ్మాయిని ఇంటికి పంపారని చెల్లి చెప్పింది. నడవడానికి ఇంకా కష్టంగానే ఉందట. ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.

ఖర్చు ఇరవై ఆరు వేల చిల్లర అయింది. మిగిలిన కోడి నీళ్లతో మర్నాడు హాస్టల్‌లో సాంబారు పెట్టారట, ఆ యేడాదికి అదే మంచి సాంబారని పిల్లల మాట. ఈసారి డిసెంబరు 12, మళ్లీ రెండో శనివారం. వంటకు మనుషులున్నారు. చాపల మీద కూర్చోవడానికి పదిమంది కావాలి, ఊరి నుండి రాగలిగినవారు అమ్మగారికి పేర్లివ్వండి.