విశాఖ కడలిలో ఘాజీ

విశాఖపట్టణము చూడబోయినవారెవ్వరును రామకృష్ణా బీచియొద్ద ఇసుకపై నిలిపిన కురుసుర యను జలాంతర్గామిని జూడక మరలిరారు. 1969 లో మన నౌకాదళమున జేరి, 2001 లో విరమించి, 2002 లో ప్రదర్శనశాలగా మారిన యా నౌకను బిడ్డలను వెంటబెట్టుకొని చూచివచ్చిన తల్లులు మీలో పెక్కండ్రుందురు. కాని దాని కెదుటనున్న సముద్రమునందే, తీరమునకు మిక్కిలి దూరము కాని చోట, దానికన్న మరికొంత పొడవైన వేరొక జలాంతర్గామి తొంబదియిద్దరు మనుష్యులతో గూడ మునిగియున్నదని తలచువారు తక్కువ. దాని పేరు ఘాజీ. అది మన శత్రువుల నౌక.

దీనిని గూర్చి 2017 లో తెలుగున నొక చలనచిత్రము వచ్చినది. అందు మన జలాంతర్గామియు ఘాజీయు నీటిలోపల పోరాడినట్లు చూపిరి. చూచుటకు బాగుగనే యున్నది గాని, అది కల్పన. 1971 లో ఘాజీతో దలపడిన భారత జలాంతర్గామి యేదియు లేదు. కురుసుర యా దినములలో పడమటి సముద్రమున గస్తీ తిరుగుచుండెను. మా పిల్లలు చిత్రము చూచివచ్చి, ఇందు నిజమెంతయని యడుగగా, చరిత్ర బోధించు మావారికంటె ముందుగా నేనే పుస్తకములు తిరుగవేసితిని. కల్పనకన్న జరిగిన కథయే నా మనస్సును పట్టుకొన్నది.

ఈ నౌక పుట్టినది అమెరికాలోని పోర్ట్స్‌మత్ నౌకానిర్మాణశాలయందు. 1944 డిసెంబరు 1వ తేదీన నీటిలోనికి దిగినది. ఆ దేశపు టాచారము ననుసరించి యొక స్త్రీయే దానికి జలప్రవేశము చేయించినది. (మన నౌకాదళమునందును ఈ గౌరవము స్త్రీలదే, అచట సీసా పగులగొట్టుదురు, ఇచట కొబ్బరికాయ.) పెట్టిన పేరు మాత్రము డయాబ్లో, అనగా స్పానిషు భాషలో దయ్యమని యర్థము. బిడ్డకు దిష్టి తగులకుండ పెంటయ్యయనియు పుల్లయ్యయనియు బిలుచు మనకు ఈ పేరు వింత గాదు. 1945 ఆగస్టు 10వ తేదీన పెర్ల్ హార్బరునుండి తొలి యుద్ధయాత్రకు బయలుదేరినది. అయిదు దినములు గడువకమున్నే జపాను లొంగుటయు, యుద్ధము నిలుచుటయు జరిగినవి. ఒక్క టార్పెడోయైన విడువకుండ ఆ మహాయుద్ధమును దాటినది.

1964 జూను 1వ తేదీన అమెరికావారు దీనిని పాకిస్తానున కద్దెకిచ్చిరి. నాడే ఘాజీయను పేరు వచ్చెను. అప్పటికి మనకొక్క జలాంతర్గామియు లేదు. మొదటిదియగు కల్వరి 1967 డిసెంబరులో గాని మన దళమున జేరలేదు. 1965 యుద్ధమున ఘాజీ బొంబాయి ప్రాంతమున పొంచియుండి, మన యోడను గొట్టితిమని చెప్పుకొనెను గాని, ఆ యోడ సురక్షితముగనే తిరిగివచ్చినది.

ఇట్టి నౌకలో మనుష్యులెట్లు బ్రతుకుదురో తెలియవలెనన్న కురుసురలో అడుగిడి చూడవలెను. నీటిపైన నున్నపుడు డీజిలు యంత్రములతో నడచి, నీట మునిగినపుడు బ్యాటరీలతో నడచును. ఆ బ్యాటరీలు తిరిగి నింపుకొనుటకై మరల పైకి రాక తప్పదు. టార్పెడోల ప్రక్కనే పడకలు. ఒకరు లేచిపోయిన పడకపై మరియొకరు పరుండుట. మంచినీరు కొలతమీద వాడుకొందురు గనుక స్నానము మాట యెత్తరు. వంటయిల్లు చూచి నేను చాలసేపు కదలలేకపోతిని. ఇద్దరు నిలుచుటకు చాలని యా మూలలో డెబ్బదియైదుగురికి వండి వార్చెడివారట! పొగ పోవుటకు కిటికీ యేది? పోపు వేసిన ఘాటు నౌకయంతటను రోజులతరబడి తిరుగుచుండును గాబోలు. యుద్ధకథలు వ్రాయువారు ఈ మాట యెత్తరు.

ఇక 1971. నవంబరు 14వ తేదీన ఘాజీ కరాచీ విడిచినది. దానిపై నాయకుడు కమాండర్ జఫర్ ముహమ్మద్ ఖాన్. విమానములను మోసికొనిపోవు మన విక్రాంతను కనిపెట్టి ముంచుట దానికప్పగింపబడిన పని. విశాఖ రేవు వాకిట సముద్రపు మందుపాతరలు పెట్టుట రెండవది. కరాచీనుండి సింహళమును చుట్టి బంగాళాఖాతమునకు రాగల సత్తువ వారి నౌకలలో దీనికొక్కదానికే కలదు. వయసు మీరినదైనను దీనినే పంపిరి.

విక్రాంతపై వేయిమందికి మించిన వారుందురు. దాని కొప్పెరలలో నొకటి చెడియుండుటచే వేగముగ బరుగెత్తజాలకుండెను. తూర్పు నౌకాదళమున కధిపతియైన వైస్ అడ్మిరల్ కృష్ణన్‌గారు దానిని గుట్టుగా అండమానులకు పంపివైచి, విశాఖలోనే యున్నట్లు నటింపజొచ్చిరి. రాజపుత్ అను పాత యోడచేత విక్రాంత పేర వైర్లెసు వార్తలు పంపించిరి. బజారులో మాంసమును కూరగాయలును పెద్దమొత్తమున కొనుటకు ఏర్పాటు చేసిరి. ఓడ వచ్చినదని అంగడివారికి తెలిసిన ఊరికెల్ల తెలిసినట్లే గదా! వీనికి దోడు, విక్రాంతపైనున్న యొక నావికుడు పంపినట్లుగా, గుప్తభాష లేకుండ, ఒక సొంత వార్తను గూడ పంపిరి. జబ్బుతో నున్న మా తల్లి కెట్లున్నదని దాని సారాంశము.

ఆ తల్లియు లేదు, ఆ జబ్బును లేదు. ఈ సంగతి చదివినపుడు నాకు ద్రోణపర్వము జ్ఞప్తికి వచ్చినది. కొడుకు మరణించెనన్న మాటకు గాక మరి యే యస్త్రమునకును ద్రోణుడు విల్లు దింపలేదు. ఇచట తల్లిపై కొడుకునకు గల ప్రేమను ఎరగా వేసిరి. నేను కృష్ణన్‌గారిని తప్పుపట్టను. వేయి సంసారములను గాచిన యుక్తి యది. అయినను ఆ లేని తల్లిని నేను మరువలేకున్నాను. ఏలయన, కరాచీలో నిజముగ నున్న తల్లులు తొంబదియిద్దరు. నవంబరు 26వ తేదీకి ఘాజీ తన చోటు చేరినట్లు తెలుపవలసియుండగా ఏ వార్తయు రాలేదు. అచటి కార్యాలయములో దినదినమును గాబరా పెరిగినదట. ఇండ్లలో నెట్లుండినదో ఎవ్వరును వ్రాసిపెట్టలేదు.

డిసెంబరు 3వ తేదీ సాయంకాలమున పాకిస్తాను విమానములు మన పడమటి విమానస్థావరములపై బడెను. ఆ రాత్రి నడిజాము కాకమున్నే రాజపుత్ విశాఖ రేవు వెడలినది. కొంతదూరమున నీరు కలగుట కనిపించి, లోతున ప్రేలు బాంబులు రెండు విడిచి సాగిపోయినది. నడిరేయి దాటిన కొలది నిమిషములకు గొప్ప ప్రేలుడు వినవచ్చెను. మా యత్తగారి పుట్టినిల్లు విశాఖ, అప్పటికామె చిన్నపిల్ల. దీపములార్పి, కిటికీలకు నల్లకాగితము లంటించి, ఇందిరాగాంధిగారి ప్రసంగము కొరకు రేడియో చుట్టు అందరును కూర్చుండగా కిటికీలు గడగడలాడెననియు, భూకంపమనుకొని తన తల్లి పిల్లలనందరను వాకిటికి లాగెననియు చెప్పుదురు.

మరునాడు బెస్తలు నీటిపై తేలు చమురును, ఒక ప్రాణరక్షక కవచమును జూచి నౌకాదళమువారికి దెలిపిరి. భారతము చదివిన మీకు ద్వైపాయన హ్రదము స్ఫురింపక మానదు. జలస్తంభనముచేసి మడుగున దాగిన సుయోధనుని జాడ పాండవులకు దెలిపినవారును వేటగాండ్రే. గజయీతగాండ్రు దిగి చూడగా అది ఘాజీయని తేలినది, ముందుభాగము పగిలియుండెను. 9వ తేదీన మన ప్రభుత్వము ప్రకటించినది. ఆ దినముననే హంగోర్ అను వారి జలాంతర్గామి గుజరాతు సముద్రమున మన ఖుక్రీని ముంచినది. కెప్టెన్ ముల్లాగారు ఓడను విడువక దానితోనే మునిగిరి. మనవారు నూటతొంబదినలుగురు పోయిరి.

రాజపుత్ బాంబులవలననే ఘాజీ నశించెనని మనవారందురు. తాము పరచిన పాతరకు దామే తగిలి పోయెనని వారందురు. లోపలి బ్యాటరీలనుండి పుట్టిన వాయువు ప్రేలెనని కొందరూహింతురు. మావారు విద్యార్థులకు మూడును చెప్పి యూరకుందురు. నా మట్టుకు నాకు, ఎట్లు పోయినను, దానిని విక్రాంత లేని చోటికి రప్పించిన పని మనదే. ఆ కీర్తికి లోపము రాదని తోచును.

కురుసుర చూచిన నాడే అచటికి దగ్గరనున్న విజయస్మారకమునొద్ద మా యమ్మాయి నన్నొక ప్రశ్న యడిగినది. "అమ్మా! ఖుక్రీవారికి దండము పెట్టితివి గదా, ఘాజీవారికి పెట్టవచ్చునా? వారు మనలను చంపవచ్చినవారే గదా!" వెంటనే చెప్పలేకపోతిని. ఇంటికి వచ్చి తిక్కనగారి స్త్రీపర్వము తీసి, నా తండ్రి నాకు చెప్పినట్లే దానికి చెప్పితిని. యుద్ధము ముగిసిన పిదప ధర్మరాజు తనవారికి మాత్రమే గాక, పగవారికిని, పేరూరు తెలియక పడియున్న వారికిని గూడ సంస్కారములు చేయించెను. అటుపిమ్మట గదా కుంతి నోరు విప్పి, కర్ణుడు తన కొడుకని చెప్పినది! అమ్మాయి చాలసేపు విని, "అయితే పెట్టవచ్చును" అనినది. కొమారుడు మాత్రము ఒప్పుకొనలేదు. వాడు పదేండ్లవాడు, నేను బలవంతపెట్టలేదు.

2024 లో మన నౌకాదళమువారు, మునిగిన జలాంతర్గాములలోనివారిని రక్షించుటకై కొన్న క్రొత్త యంత్రముతో దిగి, ఘాజీ యున్న చోటు కనుగొనిరి. అందున్నవారిపై గౌరవముచే దానిని ముట్టక వదలిరట. ఈ వార్త చదివి వినిపింపగా మా యత్తగారు, తమ పుట్టినింటి వాకిటనుండి యా చోటు ఏ దిక్కున నుండునని మాత్రము అడిగిరి. మావారు పటము తెచ్చి, వ్రేలితో జూపిరి.