కోడిగుడ్డు మీద క్రిమి సాగు

"ఆఫీసులో ఏం చేస్తావే?" అని చుట్టాలు అడిగితే "కోడిగుడ్లు పగలగొడతాను" అనేదాన్ని. నవ్వేవాళ్లు. అందులో అబద్ధమేం లేదు. క్షయ పరీక్షలు చేసే ప్రభుత్వ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని నేను. రిటైరై మూడేళ్లయింది.

క్షయ క్రిమి మహా పెంకిది. ఏది పెడితే అది తినదు. దానికి తాజా కోడిగుడ్డు కావాలి. గుడ్డు పెట్టి వారం దాటకూడదు. యాంటీబయాటిక్ కలిపిన దాణా తిన్న కోడిదైతే పనికిరాదు, ఆ మందు గుడ్డులోకి దిగి క్రిమిని పెరగనివ్వదు. గుడ్లు సబ్బునీళ్లలో కడిగి, స్పిరిట్‌లో ముంచి, ఒక్కొక్కటే పగలగొట్టి, లవణాల నీళ్లూ గ్లిజరినూ కలుపుతాం. మాలకైట్ గ్రీన్ అనే పచ్చరంగు వేస్తాం. అది మిగతా క్రిముల్ని అణచి ఉంచుతుంది. చిన్న సీసాల్లో పోసి, ఏటవాలుగా పడుకోబెట్టి, 85 డిగ్రీల దగ్గర ముప్పావుగంటకు పైగా వేడిచేస్తే జున్నులా గడ్డకడుతుంది. పచ్చ జున్ను! మా సీనియర్ ఒకాయన ఇంట్లో గుడ్డు మాటే ఎత్తనివ్వరు. ల్యాబ్‌లో మాత్రం ఆయన చేతి సీసాలే నున్నగా వచ్చేవి.

ఆ తర్వాత తెమడ వంతు. చాలామంది డబ్బాలో ఉత్త ఉమ్మి ఊసి ఇస్తారు. దాంతో మేమేం పెంచాలి చెప్పండి? పొద్దున్నే గట్టిగా ఊపిరి పీల్చి, గుండెల లోతు నుంచి దగ్గితే వచ్చేదే తెమడ. అందులో నోటిలోని సవాలక్ష క్రిములూ ఉంటాయి కాబట్టి కాస్టిక్ సోడా కలిపిన నీటితో శుద్ధి చేస్తాం. చాలావరకు అవి చచ్చిపోతాయి. క్షయ క్రిమికి ఒంటినిండా మైనపు కోటు, అందుకే తట్టుకుంటుంది. పచ్చ సీసాలో వేసి 37 డిగ్రీల వెచ్చని పెట్టెలో పెడతాం.

ఇక ఎదురుచూడటమే. మామూలు పేగు క్రిమి 20 నిమిషాల్లో రెండవుతుంది. దీనికి దాదాపు ఒక రోజు పడుతుంది. ప్రతి వారం సీసా తీసి వెలుతురులో చూస్తాం. మూడో వారమో నాలుగో వారమో మీగడ రంగులో, గరుగ్గా, కాలీఫ్లవర్ ముక్కలా పైకి లేస్తుంది. ఏమీ లేదని రాయాలంటే 8 వారాలు ఆగాలి.

మైక్రోస్కోపులో ఆ రోజే కనబడుతుందిగా అంటారు. కనబడాలంటే ఒక మిల్లీలీటరు తెమడలో దాదాపు 10 వేల క్రిములుండాలి. సీసాకి పదులు చాలు. పైగా మైక్రోస్కోపులో కనబడ్డ ఎర్ర పుల్ల క్షయదో కాదో తెలియదు. మట్టిలో, నీళ్లలో దాని చుట్టాలు బోలెడు. ఇంటిపేరు మైకోబాక్టీరియమే, గుణం వేరు, మందులూ వేరు. అందుకే పెరిగినదాన్ని పీఎన్‌బీ అనే రసాయనం కలిపిన ఇంకో సీసాలోకి మారుస్తాం. క్షయ క్రిమి అక్కడ పెరగదు, చుట్టాలు పెరుగుతాయి. కుష్ఠు క్రిమిదీ అదే ఇంటిపేరు. హాన్సెన్ దాన్ని 1873లోనే చూశాడు, కోచ్ క్షయ క్రిమిని ప్రకటించిన 1882 కంటే ముందే. అయినా ఇంతవరకు ఏ సీసాలోనూ ఎవరూ దాన్ని పెంచలేకపోయారు. ఎలుకల పాదాల్లో పెంచుతారు.

మైక్రోస్కోపు చెప్పలేనిది ఇంకొకటుంది. కనబడ్డ క్రిమి బతికుందా, చచ్చిందా?

2009 ప్రాంతంలో పాలమూరు వైపు నుంచి ఒక పెద్దాయన మా కిటికీ దగ్గరికి రావడం మొదలుపెట్టాడు. కూతురికి క్షయ. ఐదో నెలలోనూ తెమడలో క్రిములు కనబడ్డాయి. మందులకు లొంగని రకమేమోనని డాక్టర్ల అనుమానం. అదే అయితే అప్పట్లో రెండేళ్ల వైద్యం, నెలల తరబడి ఇంజెక్షన్లు. పూర్తిగా నయమయ్యాకే పంపమని అత్తారింటివాళ్లు కబురు పెట్టారట. రిపోర్టు ఆస్పత్రికే వస్తుంది, ఇంత దూరం రాకండి అని చెప్పినా వారం వారం వచ్చేవాడు.

"మొలిచిందా బిడ్డా?"

"ఇంకా లేదు పెద్దాయనా."

"నారుమడి మొలవొద్దని మొక్కుడు నా జన్మల ఇదే మొదలు" అన్నాడొకసారి. మాకు సీసా మీద నంబరే కనబడుతుంది, పేరుండదు. ఆ ఒక్క నంబరు మాత్రం నాకు నోటికి వచ్చేసింది. సోమవారం రాగానే ముందు ఆ సీసానే తీసేదాన్ని. ఆరో వారం, ఏడో వారం, ఎనిమిదో వారం. పచ్చగా, నున్నగా, ఏ మచ్చా లేకుండా ఉంది. రిజిస్టర్‌లో 'పెరుగుదల లేదు' అని రాశాను. మైక్రోస్కోపులో కనబడ్డవి మందుకు చచ్చి, ఇంకా బయటికి పోతున్న క్రిములు. కిటికీలోంచి చెబితే పెద్దాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, సద్దిమూట చంకన పెట్టుకుని బస్సుకి వెళ్లిపోయాడు.

ఇప్పుడు సీబీనాట్ యంత్రం దాదాపు రెండు గంటల్లోనే క్షయ ఉందో లేదో, రిఫాంపిసిన్‌కి లొంగుతుందో లేదో చెప్పేస్తోంది. నిజంగా గొప్ప విషయం. అది వచ్చాక ఎందరికో వారాల తరబడి ఆగే బాధ తప్పింది. కానీ అది చూసేది క్రిమి డీఎన్‌ఏని. అది చచ్చిన క్రిమిలోనూ ఉంటుంది. అందుకే మొండి క్షయ రోగికి మందు పనిచేస్తోందా లేదా తేల్చడానికి ఈనాటికీ కల్చర్ పెడతారు. చాలాచోట్ల గుడ్డు సీసాల బదులు ద్రవాహారం నింపిన గొట్టాలొచ్చాయి. క్రిమి పెరిగి ఆక్సిజన్ వాడేసుకుంటే గొట్టం అడుగు మెరుస్తుంది. యంత్రమే గంటగంటకూ చూసి చెబుతుంది. ఏమీ పెరగలేదని చెప్పడానికి మాత్రం దానికీ 42 రోజులు పడుతుంది.