బండిచూపులు

మావారు ఏ వస్తువునైనా ముందు ప్రేమిస్తారు, తర్వాత పరిశీలిస్తారు. నన్ను చేసుకున్నదీ ఆ పద్ధతిలోనే కాబట్టి, ఇరవై రెండేళ్లుగా ఆ అలవాటును నేను తప్పుపట్టలేదు. కాని ఈసారి ఆయన ప్రేమించింది ఒక స్కార్పియోని. అదీ సెకండ్ హ్యాండుది. ఖరీదు ఆరున్నర లక్షలు. అందులో నాలుగు లక్షలు, అమ్మ పోయాక తెనాలి ఇల్లు అమ్మితే నా వాటాకి వచ్చిన డబ్బు.

"అత్తయ్యగారి మోకాళ్లతో అంత ఎత్తు బండి ఎలా ఎక్కుతారండీ?" అన్నాను.

"చిన్న పీట వేద్దాంలేవోయ్" అన్నారు. ప్రేమ పీటల మీదికి వచ్చాక ఇంకేం మాట్లాడతాం!

హైదరాబాదులో కార్ల మెకానిక్కుగా ఉన్న మా పిన్ని కొడుక్కి ఫోను చేశాను. గంటసేపు పాఠం చెప్పాడు. "పొద్దున్నే వెళ్లక్కా. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా ఉంటే, మీరొచ్చేలోగా ఓసారి స్టార్టు చేసి సిద్ధం చేశారన్నమాట. చల్లటి ఇంజనే నిజం చెబుతుంది. నీలం పొగ వస్తే ఇంజనాయిల్ కాలుతున్నట్టు. టైరు మీద నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ఒంటికి అయస్కాంతం ఆనించు. ఎక్కడ అంటుకోదో అక్కడ పెయింటు కింద లప్పం ఉంటుంది. ఆఖర్న సీటు బెల్టు మొత్తం బయటికి లాగు. బండంతా కడుగుతారు గాని, దాని చివర ఎవరూ కడగరు."

నా పెళ్లిచూపుల్లో మావారి మేనత్త, సవరమేమోనని నా జడ పట్టుకు లాగింది. అది గుర్తొచ్చి నవ్వుకున్నాను. ఫ్రిజ్ మీది అయస్కాంతపు చిలకని జేబురుమాల్లో చుట్టుకుని గుంటూరులో బస్సెక్కాం.

ఇల్లు విజయవాడ సింగ్ నగర్‌లో. మావారు వెళ్తూనే డ్రైవరు సీట్లో కూచుని స్టీరింగ్ నిమరడం మొదలెట్టారు. నేను బానెట్ తాకాను. చల్లగా ఉంది. పొగ నీలంగా లేదు. చిలక అన్నిచోట్లా అంటుకుంది. బ్యాంకు అప్పు తీరిన కాగితం, పేరు మార్చడానికి 29, 30 నంబరు ఫారాలు సంతకాలతో సహా సిద్ధంగా ఉన్నాయి. యజమాని మర్యాదస్తుడు, తక్కువ మాట్లాడతాడు. చెప్పొద్దూ, నాకూ నచ్చింది.

బెల్టు లాగాను. చివరి జానెడు దగ్గర గోధుమరంగు గీత! ఎండిన ఒండ్రుమట్టి పొడిపొడిగా నా చీర మీద రాలింది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి ఈ వీధులన్నీ మునిగిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నీళ్లలో నానిన బండి ఆ పూటే చెడిపోదుట. వైర్ల కీళ్లలో తుప్పు నింపాదిగా పట్టి, ఏ రాత్రో నడిరోడ్డు మీద నిలబెడుతుందిట. అవసరమైన క్షణంలో ఎయిర్‌బ్యాగు విచ్చుకోకపోనూవచ్చుట.

మావారిని పిలుద్దామనుకుంటుండగా ఆవిడ కాఫీకి లోపలికి రమ్మంది. వంటింటి గోడకి భుజాల దాకా కొత్త సున్నం, పైన పాతది. ఆవిడ నా చీర మీది మట్టి చూసింది. చూసిందని నేనూ చూశాను.

"ఎంతవరకూ వచ్చాయండీ నీళ్లు?" అన్నాను.

చెయ్యి ఎత్తి ఆ సున్నం గీత చూపించింది. తర్వాత గ్లాసు నా చేతికిస్తూ, నెమ్మదిగా, "బండి మాట మీరడిగితే నేను అబద్ధం ఆడలేనక్కయ్యగారూ. అడుగుతారేమోననే బయటికి రాలేదు. ఇన్సూరెన్సు గడువు అప్పటికి పదిరోజుల కిందటే దాటిపోయింది. ఆయన కడదాం కడదాం అంటూనే ఉన్నారు..." అంది.

నేను అడగలేదు. కాఫీ మాత్రం తాగాను.

బయటికొచ్చి, "రంగు నచ్చలేదండీ" అన్నాను. మావారు నావైపు చూసిన చూపు ఇక్కడ రాయను. ఆ పెద్దమనిషి "పర్లేదమ్మా" అని కాగితాలు మళ్లీ కవర్లో పెట్టుకున్నాడు.

బస్సులో అసలు సంగతి చెప్పాను. కనకదుర్గ వారధి దాటేదాకా ఆయన మాట్లాడలేదు. తర్వాత, "మరి ఎవరికమ్ముతాడో, పాపం" అన్నారు. ఆ పాపం అమ్మేవాడి కోసమో, కొనేవాడి కోసమో తెలీలేదు. కొనేవాడికి మా పిన్ని కొడుకులాంటి వాడు ఉండొద్దూ?

మంగళగిరి దగ్గర ఫోను తీశాను. మునిగిన బండి అని చెప్పి అమ్మినా, ధర తగ్గుతుంది గాని విడిభాగాల కోసం కొనేవాళ్లుంటారని మావాడు అన్నాడు. ఆ ముక్కే రాసి, వాడి నంబరు జతచేశాను. ఆవిడ చెప్పిందనుకుంటాడేమోనని, "సీటు బెల్టులో మట్టి చూశాను" అని అన్నిటికంటే పైన రాశాను.

రెండు టిక్కులూ నీలంగా మారాయి. వారమైంది. జవాబు లేదు.

మావారు మాత్రం నిన్న మరో బండి ఫోటో చూపించారు. ఈసారి రంగు నన్నే ఎంచుకోమన్నారు.